కాలువల సీమకు ఒక ఎంజైమ్ ల్యాబ్ ఇవ్వండి

గోదావరి జిల్లాల విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, పాలకమండలి సభ్యులకు, రాష్ట్ర ఉన్నత విద్య, శాస్త్ర సాంకేతిక శాఖల అధికారులకు,

నమస్కారం.

ధవళేశ్వరం ఆనకట్ట దిగువన తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో ఉన్న డిగ్రీ, పీజీ కాలేజీలన్నిటికీ కలిపి ఒక్క ప్రొటీన్ ఇంజనీరింగ్ ల్యాబ్ పెట్టమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. నేను కోనసీమలో బయోకెమిస్ట్రీ పాఠాలు చెబుతాను. మీకు విడిగా అర్జీ పెట్టుకోవచ్చు. కానీ ఈ విషయం కీమో కోసం వైజాగ్‌కో హైదరాబాద్‌కో బస్సెక్కే కుటుంబాలకు, మా పిల్లల తల్లిదండ్రులకు, రొయ్యల చెరువుల రైతులకు కూడా తెలియాలని అందరి ముందూ రాస్తున్నాను.

ఆ ల్యాబ్‌లో మొదట చేయాల్సిన పని కూడా ఏదో చెబుతాను. వైరస్‌కు చెందిన ఒక ఎంజైమ్‌ని (కణంలో రసాయన మార్పులు జరిపించే ప్రొటీన్‌ని) మార్చి, క్యాన్సర్‌పై జన్యు చికిత్సకు, అంటే కణాల్లోకి జన్యువుని పంపి చేసే వైద్యానికి, మరింత పనికొచ్చేలా తీర్చిదిద్దడం. ఈ మాట వినగానే ఇది మన స్థాయి పని కాదనిపిస్తుంది. పూర్తి వైద్యం తయారు చేయడం నిజంగానే మన ఒక్కరి వల్ల కాదు. కానీ అందులో ఎంతో ముఖ్యమైన మొదటి భాగం అమలాపురంలోనో భీమవరంలోనో కూర్చుని మా ఎమ్మెస్సీ పిల్లలు చేయగలరు. అది నమ్మించాలంటే కథ మొదటి నుంచీ చెప్పాలి. కాస్త ఓపిగ్గా చదవండి.

జ్వరం తగ్గుముఖం పట్టాక పెదవి అంచున నీటిపొక్కులు లేస్తాయి. మూతి పేలింది అంటాం. దానికి కారణం చాలాసార్లు హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ ఒకటో రకం. చిన్నప్పుడే ఒంట్లో చేరి, నరాల్లో దాక్కుని, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు బయటపడుతుంది. మందుల షాపులో అడిగితే ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ ఇస్తారు. ఈ మందుకు ఒక విశేషం ఉంది. తనంతట తాను ఏ హానీ చేయదు. అది పనిచేయాలంటే దానికి ఫాస్ఫేట్ అనే రసాయన ముక్కలు మూడు తగిలించాలి. మొదటి ఫాస్ఫేట్‌ని తగిలించేది వైరస్ తన కోసం తయారు చేసుకున్న థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమ్. మిగిలిన రెండూ మన కణంలోని ఎంజైములే తగిలిస్తాయి. అలా మూడు ఫాస్ఫేట్లు చేరాక ఆ మందు డీఎన్ఏ గొలుసులో దూరి, గొలుసు పెరగకుండా ఆపేస్తుంది. వైరస్ లేని కణంలో మొదటి ఫాస్ఫేట్ దాదాపు పడదు కాబట్టి ఆ కణానికి ఏమీ కాదు. ఇలాంటి మందుల వెనక ఉన్న ఆలోచనకు, శ్రమకు 1988లో నోబెల్ అందుకున్నవారిలో గెర్ట్రూడ్ ఎలియన్ ఒకరు. గాన్‌సైక్లోవిర్ ఈ ఎసైక్లోవిర్‌కి దగ్గరి చుట్టం.

1986లో ఫ్రెడరిక్ మూల్టెన్ అనే అమెరికా శాస్త్రవేత్త దీన్ని తిరగేసి ఆలోచించారు. వైరస్ అక్కర్లేదు, దాని థైమిడిన్ కైనేజ్ జన్యువు ఒక్కటే తీసుకుని క్యాన్సర్ కణంలో పెడితే? అప్పుడు గాన్‌సైక్లోవిర్ ఇస్తే ఆ కణం తన చేతులతో తానే మందును విషంగా మార్చుకుని చచ్చిపోతుంది. జన్యువు లేని కణాలకు ఆ మందు మందుగానే మిగిలిపోతుంది. 1992లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెన్నెత్ కల్వర్, మైఖేల్ బ్లేజ్ బృందం ఎలుకల మెదడులో పెరిగే కణితులపై దీన్ని ప్రయత్నించి, కణితులు కరిగిపోవడం చూపించింది. అక్కడ ఇంకో సంగతి కూడా బయటపడింది. జన్యువు అందని పక్క కణాలు కూడా చస్తున్నాయి. కణానికీ కణానికీ మధ్య ఉండే సన్నని సందుల్లోంచి విషంగా మారిన మందు పక్కకి పాకుతోంది. ప్రతి కణానికీ జన్యువు చేర్చడం ఎలాగూ అయ్యే పని కాదు కాబట్టి ఇది గొప్ప ఆశ కలిగించింది.

ఇక్కడే చిక్కు కూడా ఉంది. ఈ లేఖకు మూలం ఆ చిక్కే.

క్యాన్సర్ రోగి ఉన్న ఇంట్లో అందరికీ తెలిసిన మాట ఒకటుంది. ‘కౌంట్ పడిపోయింది, ఈ వారం ఇంజెక్షన్ లేదన్నారు.’ మందు కణితితో పాటు ఎముక మజ్జని కూడా దెబ్బతీస్తుంది. తెల్లరక్తకణాలు తగ్గుతాయి. మనిషి తేరుకునేదాకా చికిత్స ఆపుతారు. ఇంట్లో అందరికీ టెన్షన్, ఎందుకంటే ఈలోగా కణితి మాత్రం ఆగదు. ఎక్కువ మోతాదులో ఇస్తే గాన్‌సైక్లోవిర్ కూడా కౌంట్ పడగొడుతుంది. మరి ఎక్కువ మోతాదు ఎందుకు కావాల్సి వస్తోంది? వైరస్ ఎంజైమ్‌కి గాన్‌సైక్లోవిర్ అంటే అంత ఇష్టం లేదు. దానికి కావాల్సింది డీఎన్ఏ తయారీకి ముడిసరుకైన థైమిడిన్. అది మన కణాల్లో సహజంగా ఉండేదే. రెండూ ఎంజైమ్‌లోని ఒకే చోట కూర్చోవాలి. కాలువ మొదట్లో తూములు ఎత్తేసుకుంటే శివారు చేలకు నీరందనట్టు, థైమిడిన్ అంతా ఆక్రమించాక గాన్‌సైక్లోవిర్‌కి చోటు దొరకదు. మోతాదు పెంచడమంటే కాలువ నిండా నీళ్లు వదలడం. శివారు తడుస్తుందేమో గానీ దారిలో గట్లు తెగుతాయి. బాగు చేయాల్సింది తూముని.

అంటే ఎంజైమ్‌నే మార్చాలి. థైమిడిన్‌ని పక్కనపెట్టి మందుని పట్టుకునే ఎంజైమ్ కావాలి. అప్పుడు తక్కువ మందుతోనే కణితి కణం చస్తుంది, కౌంట్ నిలుస్తుంది.

ఈ పని ఎలా చేశారో తెలుసుకుంటే నేను అడుగుతున్నది అతిశయం కాదని మీకే తెలుస్తుంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లారెన్స్ లోబ్, మార్గరెట్ బ్లాక్, వారి సహచరులు 1990ల్లో దీనికి పూనుకున్నారు. ఈ ఎంజైమ్‌లో 376 అమైనో ఆమ్లాలుంటాయి. మందు, థైమిడిన్ కూర్చునే చోటుకి దగ్గరగా ఉన్న కొన్నిటిని ఎంచుకుని, ఆ స్థానాల్లో ఏది పడితే అది వచ్చేలా జన్యువుని కలగాపులగం చేశారు. ఏ మార్పు మంచిదో ముందే ఎవరికీ తెలియదు కాబట్టి, లక్షల రకాలు తయారు చేసి మంచిదేదో ఏరుకోవడమే ఉపాయం. ఈ లక్షల జన్యువుల్ని మామూలు ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టారు. ఆ బ్యాక్టీరియాకి సొంత థైమిడిన్ కైనేజ్ లేకుండా ముందే చేసి ఉంచారు. ఇక ఏరివేత. మొదటి రకం ప్లేట్లలో (బ్యాక్టీరియాని పెంచే పళ్లాల్లో) థైమిడిన్ వాడుకోగలిగిన బ్యాక్టీరియా మాత్రమే బతుకుతుంది. అంటే ఎంజైమ్ చెడిపోకుండా పనిచేస్తోందని అర్థం. బతికిన వాటిని గాన్‌సైక్లోవిర్, ఎసైక్లోవిర్ కలిపిన ప్లేట్ల మీదకి మార్చి చూస్తే, మందుని బాగా పట్టుకునే ఎంజైమ్ ఉన్న బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఒక ప్లేటులో బతికి, ఇంకో ప్లేటులో చచ్చినదే మనకి కావాల్సింది.

1996లో వాళ్లు ప్రచురించిన ఫలితాల్లో, పది లక్షలకు పైగా బ్యాక్టీరియా కాలనీలను జల్లెడ పడితే పనిచేసే ఎంజైములు నాలుగు వందల పైచిలుకు మిగిలాయి. వాటిలో కొన్ని పదులు మాత్రమే మందు వైపు మొగ్గాయి. అందులోంచి ఒకటి రెండు హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుక మూత్రపిండ కణాల్లో పెట్టి చూస్తే, అదివరకటి కన్నా ఎన్నో రెట్లు తక్కువ గాన్‌సైక్లోవిర్‌తో ఆ కణాలు చచ్చిపోయాయి. ఆ తర్వాత బ్లాక్ సొంత బృందంతో మరింత గురిగా, కొన్ని స్థానాల్లోనే మార్పులు చేసి, ఎస్ఆర్39 అనే రకాన్ని తయారు చేసి, 2001లో ఫలితాలు ప్రచురించారు. ఎలుకల్లో పెంచిన కణితులను అది తక్కువ మోతాదుతోనే అడ్డుకుంది. మొదటి ఫాస్ఫేట్ పని చురుకయ్యాక రెండో ఫాస్ఫేట్ దగ్గర అడ్డు వస్తుందని గ్రహించి, రెండో పని చేసే గ్వానిలేట్ కైనేజ్‌ని కూడా అదే ఎంజైమ్‌కి అతికించి చూశారు. ఒక్కో అడ్డూ ఇలా తొలగించుకుంటూ వెళ్లడం చదువుతుంటే నాకు ఎన్నిసార్లయినా సంతోషంగానే ఉంటుంది. పిల్లలకి చెప్పినప్పుడూ వాళ్ల కళ్లలో అదే చూస్తాను.

ఇప్పుడు మీరే చూడండి. ఈ మొదటి భాగంలో ఉన్నవి పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకి లక్షల నకళ్లు తీసే పద్ధతి), బ్యాక్టీరియా, అగార్ ప్లేట్లు, ఇంక్యుబేటర్, ఓపిక. రోగులు లేరు, జంతువులు లేవు, అసలు వైరసే లేదు. వైరస్ పేరు వింటే భయపడే వారి కోసం ఒక లెక్క చెబుతాను. హెర్పిస్ వైరస్ మొత్తం జన్యుపదార్థం సుమారు 1,52,000 అక్షరాలు. ఈ ఎంజైమ్ జన్యువు 1,131 అక్షరాలు. నూటికి ఒక వంతు కూడా కాదు. ఆ ముక్కతో ఎవరి మూతీ పేలదు.

పీసీఆర్ సంగతికొస్తే, ఈ డెల్టాలో దానికి కొత్తగా పాఠం చెప్పాల్సిన పని లేదు. 1990ల మధ్యలో టైగర్ రొయ్యని వైట్ స్పాట్ వైరస్ ఊడ్చిపెట్టినప్పుడు ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. ఆ దెబ్బ తర్వాతే చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) వేసేముందు పీసీఆర్ చేయించడం అలవాటైంది. ఈరోజు భీమవరం, కాకినాడ పరిసరాల్లో బడి దాటి చదవని రైతు కూడా ‘సీడ్‌కి పీసీఆర్ అయిందా?’ అని అడుగుతాడు. ఆ ల్యాబుల్లో పనిచేస్తున్నది మా దగ్గర బీఎస్సీ చదివిన పిల్లలే. డీఎన్ఏ తీయడం, ప్రైమర్లు కలపడం, జెల్ నడపడం, కలుషితం కాకుండా చూసుకోవడం రోజూ వాళ్ల చేతి మీదుగా జరిగే పనులు. చెరువు పట్టుబడి ఆ ఫలితం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఎంత జాగ్రత్తగా చేయాలో వాళ్లకి తెలుసు. ఆ నైపుణ్యాన్ని జన్యువులో మార్పు చేయడానికి వాడుకోవడం ఒక్క మెట్టు దూరం మాత్రమే.

అంతెందుకు, కోవిడ్ రోజుల్లో అందరం చేయించుకున్న ఆర్టీపీసీఆర్‌లో మొదటి అంచె నడిపేది రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్. 1970లో హొవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ దాన్ని క్యాన్సర్ తెచ్చే వైరస్‌లలోనే కనుగొన్నారు. ఇప్పుడు కిట్లలో ఎక్కువగా వాడేది ఎలుకల్లో లుకేమియా (రక్త క్యాన్సర్) తెచ్చే వైరస్ నుంచి తీసి, వేడికి తట్టుకునేలా, ఎక్కువసేపు పనిచేసేలా మార్చిన రకాలు. వైరస్ ఎంజైమ్‌ని మనిషి మేలుకు మలచడం ఎక్కడో దూరాన జరిగే వింత కాదు, మన ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా వచ్చేసిన సంగతి.

యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పకుండా ఈ విషయం ముందుకు నడవదు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోవడం చూసి వైద్యం వైపు వెళ్లిన మనిషి. మా డిగ్రీ ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగుతో కొలిచే పద్ధతి ఆయనా, సైరస్ ఫిస్కే కలిసి 1925లో ఇచ్చినదే. ఆ తర్వాత కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని కండరంలో గుర్తించారు. ఇందాక చెప్పిన థైమిడిన్ కైనేజ్ మందుకి తగిలించే ఫాస్ఫేట్ ఆ ఏటీపీ నుంచే వస్తుంది. లెడర్లీ అనే అమెరికా మందుల సంస్థలో ఆయన నడిపిన పరిశోధనలోంచి అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందులు వచ్చాయి. 1948లో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో లుకేమియా పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, కొంతకాలమైనా జబ్బుని వెనక్కి నెట్టవచ్చని మొదటిసారి చూపించారు. మెథోట్రెక్సేట్ చేసే పని కూడా ఒక ఎంజైమ్‌ని కట్టేసి, కణానికి థైమిడిన్ ముడిసరుకు అందకుండా చేయడమే. మన డెల్టాలో బోదకాలుకి పంచే మాత్రల వెనక ఉన్నదీ ఆయన బృందమే. విగ్రహాలకు దండలు వేసే రోజు మాత్రం ఆయన్ని తలుచుకుంటున్నాం. ఆయన చేసిన పని లాంటి పని చేసే బల్ల ఒక్కటి ఆయన పుట్టిన గడ్డ మీద ఉండాలని కోరడం ఆశ కాదు, న్యాయం అనుకుంటాను.

నిజాలు దాచి మిమ్మల్ని ఒప్పించాలని నాకు లేదు. ఈ చికిత్స ఇప్పటిదాకా ఎక్కువగా నిరాశపరిచింది. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌పై 248 మంది రోగులతో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2000లో వచ్చాయి. థైమిడిన్ కైనేజ్ చికిత్స తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్ల కన్నా ఎక్కువ కాలం బతకలేదు. జన్యువు కణితిలో చాలా తక్కువ కణాలకే చేరింది. యూరప్‌లో అడినోవైరస్ అనే మరో వైరస్ ద్వారా అదే జన్యువుని పంపిన మరో పెద్ద పరీక్ష ఫలితం 2013లో ప్రచురితమైంది. అక్కడ మళ్లీ చికిత్స అవసరం కావడం కాస్త ఆలస్యమైంది గానీ ఆయుష్షు పెరిగిందని తేలలేదు. జన్యువుని చేరవేసే వాహనం బాగుపడకుండా ఎంజైమ్ ఎంత బాగున్నా చాలదు. 1999లో ఫిలడెల్ఫియాలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల కుర్రాడు జన్యు చికిత్స పరీక్షలో ప్రాణం పోగొట్టుకున్నాడు. అతను క్యాన్సర్ రోగి కాదు, అయినా ఆ వాహనం ఎంత ప్రమాదకరం కాగలదో ప్రపంచానికి తెలిసింది అప్పుడే. అందుకే ఈ లేఖ చదివే రోగుల కుటుంబాలకు ఒక మనవి. నేను చెబుతున్నది రేపు ఆసుపత్రిలో దొరికే వైద్యం కాదు. జన్యు చికిత్స పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. డాక్టరు గారు చెప్పిన కీమో, రేడియేషన్ ఆపకండి.

మరి ఇంత నిరాశ తర్వాత ఈ ఎంజైమ్ మీద ఎందుకు పనిచేయాలి? దారి మూసుకుపోలేదు కాబట్టి. ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులకు రేడియేషన్‌తో పాటు ఈ జన్యువుని అడినోవైరస్‌తో పంపి, ఒంట్లో ఎసైక్లోవిర్‌గా మారే వాలాసైక్లోవిర్ మాత్రలు ఇచ్చిన మూడో దశ పరీక్షలో జబ్బు తిరగబెట్టడం తగ్గిందని 2024 డిసెంబరులో ఆ పరీక్ష నడిపిన కంపెనీ ప్రకటించింది. జపాన్ 2021లో మెదడు కణితులకు షరతులతో అనుమతించిన చికిత్స కూడా మార్చిన హెర్పిస్ వైరసే. అందులో రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్ అనే వైరస్ ఎంజైమ్‌ని పనిచేయకుండా చేశారు. దాంతో అది విభజన చెందుతున్న కణితి కణాల్లోనే పెరుగుతుంది. ఒకచోట ఎంజైమ్‌కి పదును పెట్టడం, ఇంకోచోట ఎంజైమ్‌ని తీసేయడం. రెండింటికీ ఎంజైమ్ లోతుపాతులు తెలియాలి.

ఎస్ఆర్39కి దక్కిన రెండో జీవితం నాకు మరీ ఇష్టం. అంబాలాలో పుట్టి అమెరికాలో పెరిగిన సంజీవ్ గంభీర్ బృందం దాన్ని కణితిని చంపడానికి బదులు చూడటానికి వాడింది. ఎంజైమ్ ఉన్న కణాల్లోనే చిక్కుకునే, కొద్దిపాటి రేడియోధార్మికత గల మందుని ఇచ్చి పెట్ స్కాన్ తీస్తే, శరీరంలో పెట్టిన జన్యువు ఎక్కడ పనిచేస్తోందో బయటి నుంచే కనిపిస్తుంది. కోయకుండా, ముక్క తీయకుండా. దాతల నుంచి తీసుకున్న టీ కణాల్లో (ఒక రకం తెల్లరక్తకణాల్లో) ఈ ఎంజైమ్‌ని పెట్టి, అవి అదుపు తప్పితే గాన్‌సైక్లోవిర్‌తో ఆపేసే పద్ధతిని ఇటలీ శాస్త్రవేత్తలు 1990ల్లోనే రోగులపై చూపించారు. కణాలనే మందుగా ఇచ్చే ఈ రోజుల్లో అలాంటి అదుపు ఎంత విలువైందో వైద్యులు చెబుతారు. ఆ అదుపు పనిచేయడానికి రోగి ఎంత గాన్‌సైక్లోవిర్ భరించాలన్నది మళ్లీ ఎంజైమ్ చేతిలోనే ఉంది.

మన దేశం కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19 అనే రక్త క్యాన్సర్ కణ చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. విదేశాల్లో కోట్లలో ఉండే చికిత్సని లక్షల్లోకి దించారు. అయినా ఆ లక్షలు మా ఊళ్లలో ఎకరాలు అమ్మితే వచ్చే లక్షలు. ధర ఇంకా దిగాలంటే అందులో వాడే ప్రతి జన్యు ముక్క, ప్రతి ఎంజైమ్, ప్రతి వెక్టర్ (జన్యువుని మోసే వాహనం) ఇక్కడే తయారు చేసుకోగల చేతులు ఎక్కువ కావాలి. ఆ చేతులు ముంబై, బెంగళూరు, హైదరాబాద్‌లలోనే పుట్టవు.

మా తరగతి సంగతి ఇప్పుడు చెప్పాలి. రీకాంబినెంట్ డీఎన్ఏ పాఠం సిలబస్‌లో ఉంది. పిల్లలు దాన్ని రికార్డు పుస్తకంలో రంగు పెన్సిళ్లతో గీస్తారు. ప్లాస్మిడ్ (జన్యువుని మోసే గుండ్రని డీఎన్ఏ) బొమ్మ చక్కగా వేసిన అమ్మాయి డిగ్రీ పూర్తయ్యేలోపు ఒక్క ప్లాస్మిడ్‌ని కూడా ముట్టుకోదు. సెంట్రిఫ్యూజ్ ఉన్నచోట ఎంజైములు కొనే డబ్బుండదు, డబ్బు వచ్చిన ఏడాది దాన్ని నిల్వ చేసే ఫ్రీజర్ ఉండదు. నేను పనిచేసిన చోట ఒకసారి ఎంతో కష్టపడి తెప్పించిన ఎంజైములు వేసవి కరెంటు కోతల్లో పాడైపోయాయి. మళ్లీ అడిగే ధైర్యం ఎవరూ చేయలేదు. ఇదే పిల్లలు హైదరాబాద్ వెళ్లి ఫార్మా కంపెనీల్లో నైట్ షిఫ్టుల్లో క్వాలిటీ కంట్రోల్ చేస్తున్నారు. ఆ పని గౌరవమైనదే. కానీ వాళ్లలో కొత్తది కనిపెట్టగల వాళ్లు ఉన్నారని నాకు తెలుసు. ఆ అవకాశం ఒక్కసారైనా వాళ్ల ముందు పెట్టాలి కదా.

కొత్త భవనం నేను అడగడం లేదు. ఉన్న కాలేజీల్లో ఏదో ఒక దానిలో రెండు గదులు చాలు, కాకపోతే పై అంతస్తులో ఉండాలి. ఈ సీమలో వరద ఎంత దాకా వస్తుందో 1986 చూసినవారికి, 2022 జులైలో లంక గ్రామాలు చూసినవారికి తెలుసు. 1996 తుఫాను కోనసీమ కొబ్బరినే నేలకూల్చింది. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కి జనరేటర్ తప్పనిసరి. ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి చెరువు తేలిపోతుందని రాత్రంతా జనరేటర్ కాపలా కాసే రైతులున్న చోట, ఒక ఫ్రీజర్‌ని కాపాడుకోవడం తెలియని పని కాదు. షేకర్ ఇంక్యుబేటర్, ఆటోక్లేవ్, పీసీఆర్ యంత్రం, బయోసేఫ్టీ క్యాబినెట్ ఒక్కసారి కొంటే ఏళ్ల తరబడి నడుస్తాయి. డీఎన్ఏ సీక్వెన్సింగ్ యంత్రం కొననక్కర్లేదు, శాంపిళ్లు కొరియర్‌లో పంపితే ఫలితం ఈమెయిల్‌లో వస్తుంది.

అంతకన్నా ముఖ్యం మనుషులు. ఆక్వా పీసీఆర్ ల్యాబుల్లో పనిచేసిన అనుభవం ఉన్న ఇద్దరు టెక్నీషియన్లను శాశ్వత ఉద్యోగులుగా తీసుకోండి. గెస్ట్ ఫ్యాకల్టీ పేరుతో ఏడాదికోసారి మారేవాళ్లతో ఇలాంటి పని సాగదు. జన్యుమార్పిడి సూక్ష్మజీవులతో చేసే పనికి 1989 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం సంస్థాగత జీవభద్రతా కమిటీ ఉండాలి. ఒక్కో కాలేజీ దాన్ని విడిగా పెట్టుకోలేదు. విశ్వవిద్యాలయం పెట్టి, కాలేజీలన్నిటికీ వర్తింపజేస్తే ఒక్క సంతకంతో తీరే సమస్య. మాకు జీతాలు పెంచమని అడగడం కాదిది, తరగతి వేళల్లోంచి ల్యాబ్‌కి కొన్ని గంటలు లెక్క కట్టమని అడుగుతున్నాం.

ఇంకో మాట. భీమవరం, సూరంపాలెం, కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు వేలల్లో ఉన్నారు. హెర్పిస్ థైమిడిన్ కైనేజ్ ఆకారం 1995లోనే స్ఫటిక పరీక్షలతో తేలింది, ఎవరైనా ఉచితంగా కంప్యూటర్‌లో దించుకుని చూడవచ్చు. కంప్యూటర్‌తో ప్రొటీన్లను రూపొందించినందుకు డేవిడ్ బేకర్, ప్రొటీన్ ఆకారాలను ఊహించినందుకు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ 2024లో నోబెల్ అందుకున్నారు. అంతకు ముందు 2018లో, ఎంజైములను తరం తరం మార్చి ఏరుకునే పద్ధతికి ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కి అందింది. ఈ రెండు పద్ధతులూ కలవాలంటే కోడ్ రాసే పిల్లా, ప్లేటు పోసే పిల్లా ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. మన దగ్గర వాళ్లు పది కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా ఒకరికొకరు తెలియరు.

మన ల్యాబ్‌లో మెరుగైన ఎంజైమ్ ఏదైనా తేలితే, కణాలపై, జంతువులపై పరీక్షలకు హైదరాబాద్ సీసీఎంబీ, నవీ ముంబైలో టాటా మెమోరియల్ వారి క్యాన్సర్ పరిశోధన కేంద్రం ఆక్ట్రెక్ లాంటి సంస్థల్ని భాగస్వాములుగా రమ్మని అడగాలి. అక్కడి నుంచి ముందుకు తీసుకెళ్లడానికి భారత వైద్య పరిశోధన మండలి 2019లో ఇచ్చిన జన్యు చికిత్స మార్గదర్శకాలున్నాయి. ఏమీ తేలకపోయినా, కొన్నేళ్లలో ఒక జన్యువుని మార్చి, ఏరి, కొలిచి, ఫలితం రాయగల పిల్లలు మనకుంటారు. వాళ్లు రేపు వైట్ స్పాట్ మీద పనిచేస్తారో, కొబ్బరి తెగుళ్ల మీద పనిచేస్తారో, క్యాన్సర్ మీదే నిలబడతారో వాళ్ల ఇష్టం.

పరికరాల జాబితా, మూడేళ్ల ఖర్చు అంచనా, ఎమ్మెస్సీ ప్రాజెక్టుల ప్రణాళిక మేం కొందరు అధ్యాపకులం కలిసి సిద్ధం చేస్తాం. మీరు ఒక రోజు చెప్పండి. కాకినాడ అయినా, రాజమండ్రి అయినా, భీమవరం అయినా సెలవు పెట్టి వస్తాం. వచ్చే విద్యాసంవత్సరం ప్రాజెక్టుల కేటాయింపు మొదలయ్యే లోపు ఆ సమావేశం జరగాలని మా కోరిక. సమావేశానికి ఆక్వా ల్యాబుల వాళ్లని, కాకినాడ వైద్య కళాశాలలో క్యాన్సర్ రోగులను చూసే డాక్టర్లను కూడా పిలవండి. రోగికి కౌంట్ పడిపోతే ఏమవుతుందో వాళ్లు చెబితే, ఎంజైమ్ ఎందుకు మార్చాలో మేం చెబుతాం.

ఇట్లు,
భవదీయ,
కోనసీమ నుంచి ఒక బయోకెమిస్ట్రీ అధ్యాపకురాలు